ఎబొనైట్ పెన్ను క్యాప్ విప్పి క్లిప్, పై ముక్క మార్చుకోవచ్చా?

అబిడ్స్‌లో కొన్న నల్ల ఎబొనైట్ (ఒక రకం గట్టి రబ్బరు) పెన్నుకి వెండి రంగు క్లిప్ తీసి బంగారు రంగుది పెట్టాలి, క్యాప్ నెత్తిన ఉన్న ముక్కని ఎర్ర ఎబొనైట్‌లో చేయించాలి, విరక్కుండా విప్పడం ఎలా అని అడిగారు. మా చెల్లి లామీ సఫారీ పెన్ను క్యాప్ కూడా ఇలాగే వస్తుందా అన్నారు. మీ పెన్ను మార్చుకోవచ్చు, నేను రోజూ రాసే పెన్ను అలా మార్చుకున్నదే.

ముందు ఒక్క మాట, క్లిప్‌ని పట్టుకుని తిప్పకండి. లేత్ మీద చేసే ఇలాంటి పెన్నుల్లో చాలావాటికి క్లిప్ చివర ఒక రింగు ఉంటుంది, అది క్యాప్‌కీ పై ముక్కకీ మధ్యలో బిగిసి ఉంటుంది, పై ముక్క కింద మర ఉండి క్యాప్‌లోకి దిగుతుంది. క్లిప్‌ని ఆపుతున్నది ఆ మర ఒక్కటే. క్లిప్ మీద బలం పెడితే రింగు దగ్గర రేకు వంగుతుంది, ఇంకా బలం పెడితే ఎబొనైట్ అంచు పెచ్చు లేస్తుంది, ఇక దానికి మందు లేదు.

తిప్పాల్సింది పై ముక్కని. సైకిల్ ట్యూబ్ రెండు ముక్కలు కోసుకోండి, ఒకటి క్యాప్‌కి, ఒకటి పై ముక్కకి చుట్టి ఎడమవైపు తిప్పండి. కటింగ్ ప్లేయర్ జోలికి వెళ్ళొద్దు, గుడ్డ చుట్టినా పళ్ళ గాట్లు పడతాయి. రాకపోతే మరలో లక్కో జిగురో పెట్టి ఉండొచ్చు. లక్క వేడికి మెత్తబడుతుంది కాబట్టి హెయిర్ డ్రయ్యర్ దూరం నుంచి కాసేపు పట్టి, చేతికి వెచ్చగా తగలగానే మళ్ళీ ప్రయత్నించండి, అలా కొద్దికొద్దిగా. వేడినీళ్ళలో మాత్రం వేయకండి! ఎబొనైట్ అంటే గంధకం బాగా ఎక్కించి గట్టిపరచిన రబ్బరు, వేడినీళ్ళు తగిలితే నల్లని నిగారింపు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. ఎండలో కిటికీ దగ్గర వదిలేసినా నెమ్మదిగా అదే జరుగుతుంది.

విడిపోయాక క్లిప్ రింగు లోపలి వెడల్పు, మందం రెండూ వెర్నియర్ కాలిపర్‌తో కొలవండి. వెడల్పు అందరూ చూస్తారు, మందం వదిలేస్తారు. కొత్త రింగు పలచనైతే క్లిప్ గుండ్రంగా తిరిగిపోతుంది, మందమైతే పై ముక్క పూర్తిగా దిగదు. ఎర్ర ముక్క చేయించేటప్పుడు కొలత రాసుకుని వెళ్తే చాలదు, క్యాప్‌నే తీసుకెళ్ళండి. చేతితో కోసిన మరలు ఒక పెన్నుకీ ఇంకో పెన్నుకీ కలుస్తాయన్న నమ్మకం లేదు. అబిడ్స్‌లో 1928 నుంచి ఉన్న డెక్కన్ పెన్ స్టోర్స్‌లో ముందు అడిగి చూడండి, పెన్నుల్ని ఎరిగిన మనుషులతో మాట్లాడటమే సగం పని.

బిగించాక అసలు పరీక్ష ఉంది. ఇలాంటి కొన్ని క్యాపుల్లో లోపల వేరే ఇన్నర్ క్యాప్ ఉండదు, పై ముక్క మరే గాలిని ఆపాలి. క్యాప్ నోటి దగ్గర పెదాలు ఆనించి మెల్లగా ఊదండి, పైనుంచి గాలి పోతుంటే పాళీ ఆరిపోతుంది, మన ఏప్రిల్ మే ఎండల్లో అయితే పొద్దున మూత పెట్టిన పెన్ను సాయంత్రానికి గీరుకుంటూ రాస్తుంది. మరకి సిలికాన్ గ్రీజు సన్నటి పూత పెట్టి మళ్ళీ బిగించి ఊదండి, చాలాసార్లు ఆగిపోతుంది. ఫెవిక్విక్ లాంటివి వద్దు, ఆరేటప్పుడు వచ్చే ఆవిరికి నల్ల ఎబొనైట్ మీద తెల్లటి పొర కడుతుంది, పైగా మళ్ళీ ఎప్పటికీ విప్పలేరు. ఆ పెన్ను ముప్పై ఏళ్ళు రాయాల్సినది, రేపు ఇంకొకరు విప్పగలిగేలా ఉంచండి.

మీ చెల్లి సఫారీది వేరే కథ. 1980లో వచ్చిన ఆ పెన్ను ఏబీఎస్ ప్లాస్టిక్, పైన కనిపించే ముక్క లోపలి క్యాప్‌తో బిగిసి ఉంటుంది. పైనుంచి పీకితే రాదు, క్యాప్ లోపలికి పనిముట్టు దింపి తిప్పాలి. అందులో కూడా లోపలి క్యాప్‌ని తిరిగి సరిగ్గా కూర్చోబెట్టడమే ముఖ్యం, పాళీ ఆరకుండా కాచేది అదే. వేరే రంగు సఫారీ ఒకటి దొరికితే రెండిటి పై ముక్కలు మార్చి పెట్టుకోవచ్చు, పసుపు క్యాప్ మీద నల్లది బాగుంటుంది.