చలికాలం ట్రిప్పుల కన్నా మే నెల గురించే ఎక్కువ ఆలోచించండి

ప్రశ్న: నాకు 24 ఏళ్లు. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ ఎం.ఏ. చేసి, సెప్టెంబరు 25న ఫ్రాన్స్ వచ్చాను. గ్రెనోబుల్‌లో రెండు హైస్కూళ్లలో ఇంగ్లిష్ అసిస్టెంట్‌గా పని చేస్తున్నాను. ఏప్రిల్ 30 వరకు కాంట్రాక్టు. చేతికి నెలకు సుమారు 800 యూరోలు వస్తాయి. ఫర్నిష్డ్ గదికి అద్దె 330, తిండికి 140, ఫోన్‌కూ ట్రామ్‌కూ కలిపి 40. ఇక్కడికి రావడానికి నాన్న అమ్మ నగలు పెట్టి 1.5 లక్షల గోల్డ్ లోన్ తీసుకున్నారు, వడ్డీ 9 శాతం. దానికోసం ఈ నవంబరు నుంచి నెలకు 15,000 రూపాయలు పంపాలనుకుంటున్నాను. తోటి అసిస్టెంట్లు క్రిస్మస్ మార్కెట్లు, మంచు కొండలు అని ప్లాన్లు వేస్తున్నారు. మొన్న అందరూ హాట్ చాక్లెట్ తాగడానికి వెళ్తుంటే కడుపు నొప్పి అని చెప్పి గదికి వచ్చేశాను. నాలుగు యూరోలంటే 400 రూపాయలు కదా! ఈ చలికాలం ఎక్కడికీ వెళ్లకుండా ఉండటమే మంచిదా?

జవాబు: వద్దమ్మా, గదిలో కూర్చోవద్దు. మీ ఉత్తరంలో లోన్ లెక్క కన్నా ఆ కడుపు నొప్పి మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. జీతం యూరోల్లో వస్తున్నప్పుడు ఖర్చునూ యూరోల్లోనే చూడాలి. ప్రతి కప్పునూ రూపాయల్లోకి మారుస్తుంటే ఏడు నెలలూ టెన్షన్‌తోనే గడుస్తాయి. రూపాయల్లో లెక్క వేయాల్సింది ఒక్కటే, ఇంటికి పంపే డబ్బు. మొదట దాని సంగతే చూద్దాం.

మీ ఖర్చులు పోను నెలకు 290 యూరోలు మిగులుతాయి. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు ఆరు జీతాలకు 1,740. ఇందులోంచి తిరుగు ప్రయాణం టికెట్‌కు 500 తీసి పక్కన పెట్టండి. మే నెలకని ఇంకో 200. కాంట్రాక్టు ఏప్రిల్ 30తో అయిపోతుంది, మేలో జీతం ఉండదు. ఒక పది రోజులు అక్కడ ఆగాల్సి వచ్చినా తిండి, సామాన్లు పంపడం అంటూ ఖర్చులు ఉంటాయి. ఇక మిగిలింది 1,040.

నెలకు 15,000 చొప్పున పంపితే అందులో 900 ఇంటికే పోతుంది. మిగిలే 140లో మంచి కోటు, బూట్లు కొనడమే కష్టం. 10,000 చొప్పున పంపండి. యూరో వంద రూపాయలనుకుంటే ఆరు నెలలకు 600 అవుతుంది, మీ చేతిలో 440 ఉంటాయి. నెలకు 5,000 తగ్గించినందుకు మీ లోన్ మీద ఏప్రిల్‌లోగా అదనంగా పడే వడ్డీ 800 రూపాయలు దాటదు. అలా తగ్గిన 30,000 అసలు ఇంటికి వెళ్లాక కట్టుకోవచ్చు. కాకపోతే ఆ లోన్ గడువు తేదీ ఎప్పుడో నాన్నగారిని ఇవాళే అడగండి, గడువు దాటితే నగలకే ఇబ్బంది. 15,000 బదులు 10,000 ఎందుకు పంపుతున్నారో కూడా ఆయనకు దాచకుండా చెప్పండి. రెండు నెలలకోసారి కలిపి పంపితే బదిలీ ఛార్జీలూ తగ్గుతాయి.

ఇంకో మాట. ఇంటి అద్దె సాయానికి కాఫ్‌లో, అంటే అక్కడి ప్రభుత్వ సాయాల ఆఫీసులో, దరఖాస్తు చేశారా? మీరు రాయలేదు. చేయకపోతే ఈ వారమే చేయండి. ఆలస్యం చేస్తే పోయిన నెలల డబ్బు మళ్లీ ఇవ్వరు. అది వస్తే మొత్తం గోల్డ్ లోన్‌కే పంపండి.

ఇక ఆ 440. కోటుకూ బూట్లకూ 90 పెట్టుకోండి. కోటు ఇప్పుడే కావాలి కాబట్టి ఎమ్మాయూస్ లాంటి సెకండ్ హ్యాండ్ దుకాణంలో చూడండి. బూట్లు ఆగగలిగితే జనవరి మొదట్లో ఒక బుధవారం నుంచి దేశమంతా నాలుగు వారాల సేల్ ఉంటుంది, అప్పుడు కొనండి. మిగిలిన 350 మీ చలికాలానిది. దాన్ని వేరుగా పెట్టుకుని, అందులోంచి ఖర్చుపెట్టేటప్పుడు మనసు పీకకుండా పెట్టండి.

మీకున్న అసలు లాభం వారానికి 12 గంటల పని. తోటి ఉద్యోగులకు శని, ఆదివారాలే దొరికితే, మీకు మామూలు రోజుల్లోనూ ఒక రోజు ఖాళీ దొరకవచ్చు. స్కూలు సెలవుల కోసం ఫ్రాన్స్‌ను మూడు జోన్లుగా విభజించారు, గ్రెనోబుల్ స్కూళ్లు జోన్ ఏలో ఉంటాయి. ఫిబ్రవరి, మార్చి సెలవుల్లో మూడు జోన్ల వాళ్లూ ఒకరి తర్వాత ఒకరు కొండలెక్కుతారు, గదుల ధరలు ఆకాశాన్నంటుతాయి. మీరు జనవరిలో ఒక మంగళవారం బస్సులో షాంరూస్ వెళ్లి సాయంత్రానికి వచ్చేయండి. 1968 వింటర్ ఒలింపిక్స్‌లో స్కీ పోటీలు జరిగిన కొండ అది, మీ ఊరి పక్కనే ఉంది. మొదటిసారే స్కీ నేర్చుకోవాలని లేదు. మంచు బూట్లు అద్దెకు తీసుకుని నడిచినా ఆ తెల్లదనం చూడొచ్చు, ఖర్చూ తక్కువ. స్కీ చేస్తే మాత్రం టికెట్‌తో పాటు అమ్మే రోజువారీ బీమా తప్పకుండా తీసుకోండి. కొండ మీద పడిపోతే కిందికి తెచ్చినందుకు బిల్లు మీకే వస్తుంది, ఫ్రాన్స్ ఆరోగ్య బీమా దాన్ని కట్టదు. నాలుగు యూరోలు మిగుల్చుకోబోయి వందలు కట్టుకోవద్దు.

డిసెంబరు 8 చుట్టూ లియోన్‌లో దీపాల పండుగ జరుగుతుంది. చూడటానికి టికెట్ లేదు, రైల్లో గంటన్నర దారి. స్ట్రాస్‌బర్గ్ క్రిస్మస్ మార్కెట్ 1570 నాటిది, చూడదగ్గదే, కానీ డిసెంబరు వారాంతాల్లో అక్కడ గది దొరకడం కష్టం. ఈ రెండిట్లో ఒక్కటే అయితే నేను లియోన్ అంటాను. రైల్వే వాళ్ల యువత డిస్కౌంట్ కార్డు 49 యూరోలు, తగ్గింపు 30 శాతం. అంటే 163 యూరోల టికెట్లు కొంటేగానీ కార్డు ఖర్చు తిరిగి రాదు. పారిస్, స్ట్రాస్‌బర్గ్ రెండూ వెళ్తేనే తీసుకోండి. పారిస్ వెళ్తే మీ వయసుకు లూవ్ర్ ఉచితం. ఫ్రాన్స్‌లో నివాసం ఉన్నట్టు మీ వీసా చూపిస్తే చాలు.

గది డిపాజిట్‌ను తిరుగు టికెట్ లెక్కలో కలపకండి, చాలామంది పిల్లలు అక్కడే దెబ్బతింటారు. గది బాగున్నా డిపాజిట్‌ను తిరిగి ఇవ్వడానికి ఓనరుకు ఒక నెల గడువుంటుంది, అప్పటికి మీరు ఇంట్లో ఉంటారు. అందుకే అది వచ్చేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూసేయకండి. గది ఏప్రిల్ 30న వదలాలంటే నెల ముందే, మార్చి నెలాఖరులోగా, నోటీసు ఓనరు చేతికి అందాలి. లేకపోతే మేలో కూడా అద్దె కట్టాల్సి వస్తుంది.

పన్ను గురించి మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. సెప్టెంబరు 25న బయల్దేరారు కాబట్టి ఈ ఆర్థిక సంవత్సరంలో మీరు ఇండియాలో ఉన్నది 182 రోజుల లోపే. మధ్యలో ఇంటికి రాకపోతే మార్చి 31 వరకు వచ్చే ఫ్రాన్స్ జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వద్దామనుకుంటే ఆ రోజులూ కలిపి లెక్క చూసుకోండి. ఇక్కడి మీ సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్చమని బ్యాంకుకు ఒక మెయిల్ పెట్టండి.

ఈసారి వాళ్లు చాక్లెట్ తాగుదాం రమ్మంటే వెళ్లండి. ఆ నాలుగు యూరోలు 350లో ఉన్నాయి.