‘ఐడియేట్’ అంటే ఏమిటి? ‘థింక్’ అనే మాట ఉండగా ఇదెందుకు?

ఐడియేట్ అంటే కూర్చుని కొత్త ఆలోచనలు పుట్టించడం. థింక్ చాలా విశాలమైన మాట. తాళంచెవి ఎక్కడ పెట్టామా అని తల గోక్కోవడం కూడా థింకింగే, కానీ ఐడియేటింగ్ కాదు.

ఈ తేడా నేను పరువు పోగొట్టుకుని నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గొప్పగా ఉంటుందని మా మేనేజర్‌కి ‘ఐ యామ్ ఐడియేటింగ్ వెదర్ టు టేక్ లీవ్ టుమారో’ అని మెయిల్ పెట్టాను. ‘ఒక్క సెలవుకి అన్ని ఐడియాలు అవసరమా?’ అని జవాబొచ్చింది. అవును, కాదు అని తేల్చుకోవడానికి ఈ మాట నప్పదు. ‘వియ్ ఐడియేటెడ్ ఫర్ ఎన్ అవర్’, ‘షి ఐడియేటెడ్ ఎ న్యూ డిజైన్’ ఇలా వాడాలి. పలికేటప్పుడు మొదటి ‘ఐ’ని ఒత్తి పలకండి, లేకపోతే ఎదుటివాళ్లకి ‘ఇడియట్’ అని వినిపించే ప్రమాదం ఉంది!

చాలామంది ఇది నిన్నమొన్న ఆఫీసుల్లో పుట్టిన మాట అనుకుంటారు. నిజానికి 17వ శతాబ్దం నుంచే ఇంగ్లిష్‌లో ఉంది. ఈమధ్య ఇంతగా వినబడటానికి ఒక కారణం డిజైన్ థింకింగ్, అంటే వాడేవాళ్ల అవసరం ఏమిటో చూసి, దాన్నిబట్టి సమస్యకి పరిష్కారం వెతికే పద్ధతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో డిజైన్ నేర్పే డి.స్కూల్ దీనికి చెప్పే 5 దశల్లో మూడోది ఐడియేట్. సమస్య ఏమిటో తేల్చుకున్నాక, నమూనా తయారు చేయకముందు, బాగున్నవీ బాగోలేనివీ చూడకుండా వీలైనన్ని ఆలోచనలు రాసిపడేయడం. బ్రెయిన్‌స్టార్మింగ్ దానికి ఒక పద్ధతి మాత్రమే, అదీ ఎక్కువగా నలుగురు కూర్చుని చేసేది. ఐడియేట్ ఒక్కరైనా చేయొచ్చు.

తెలుగులో దీనికి సరిగ్గా అతికే ఒక్క మాట నాకు దొరకలేదు. మనకి ఆలోచన తడుతుంది, మెదులుతుంది, స్ఫురిస్తుంది. అంటే దానంతట అదే వస్తుంది. ఐడియేట్‌లో మాత్రం పని చేసేది మనమే. అందుకే నేను ‘ఐడియాలు ఆలోచిద్దాం’ అనేసి ఊరుకుంటాను.

అయితే దీని నామవాచకం ‘ఐడియేషన్’ దగ్గర కాస్త జాగ్రత్త. మా బంధువుల హాస్పిటల్ కాగితంలో ‘నో సూయిసైడల్ ఐడియేషన్’ అని చూసి నాకు గుండె ఆగినంత పనయింది. కంగారులో ముందున్న ‘నో’ కంటికి ఆనలేదు. చనిపోవాలన్న ఆలోచనలేవీ లేవని డాక్టర్ అడిగి రాసుకున్న మాట అది. వైద్యంలో ఐడియేషన్ అంటే కూర్చుని పుట్టించేదే కానక్కర్లేదు, వద్దన్నా మనసులో మెదిలేవి కూడా అందులోకే వస్తాయి. అక్కడ మాత్రం మన ‘మెదలడం’ చక్కగా సరిపోతుంది.