ఎస్‌పీఎఫ్ 100 కొనక్కర్లేదండి, ముందు ఎంత రాస్తున్నారో చూసుకోండి

మీరు అడిగింది ఏంటంటే, రోజూ పొద్దున 9కి స్కూటీ మీద ముప్పావుగంట ప్రయాణం, జిడ్డు చర్మం, చెంపల మీద మంగు, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాస్తున్నా నల్లబడుతున్నారు, అందుకని ఎస్‌పీఎఫ్ 100 కొనాలా లేకపోతే అందరూ చెప్తున్న ఆ కొరియన్ వాటికి మారాలా అని. రెండూ అక్కర్లేదండి. ఎందుకో కొంచెం పెద్దగానే చెప్తా, ఓపిక ఉంటే చదవండి.

నాది గుంటూరు వైపు, విత్తనాల కంపెనీలో ఫీల్డ్ జాబ్, మిర్చి పొలాల గట్ల మీద తిరగడమే పని. బాబు పుట్టాక నాకు రెండు చెంపల మీదా పై పెదవి మీదా మంగు వచ్చింది, హార్మోన్ల వల్ల చాలామందికి కడుపుతో ఉన్నప్పుడు వస్తుంది, గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్ళకీ వస్తుంది, దానికి ఎండ తోడైతే ఇంక చెప్పక్కర్లేదు. ఉద్యోగం మానలేను, ఎండ మానదు, కాబట్టి సన్‌స్క్రీన్ గురించి స్కిన్ డాక్టర్ గారిని ప్రాణం తీసి మరీ అడిగి తెలుసుకున్నా, ఆ తర్వాత వాడుకుంటూ కొంత తెలిసింది.

ముందు నేనే ఒకటి అడుగుతా. మీ 50 గ్రాముల ట్యూబ్ ఎన్నాళ్ళు వస్తోంది? మూడు నాలుగు నెలలు వస్తోందంటే మీ ప్రాబ్లం అక్కడే ఉంది. డబ్బా మీద ఉండే ఎస్‌పీఎఫ్ నంబర్ ల్యాబ్‌లో టెస్ట్ చేసేటప్పుడు ఒక చదరపు సెంటీమీటర్ చర్మానికి 2 మిల్లీగ్రాముల లెక్కన రాస్తారు. ఆ లెక్క మన మొహానికీ మెడకీ వేస్తే ఒక్కసారికి గ్రాము పైనే కావాలి, అంటే రోజుకి ఒక్కసారే రాసినా ఆ ట్యూబ్ నెలా నెలన్నరలో అయిపోవాలి. మనం ఏం చేస్తాం, శనగ గింజంత తీసుకుని మొహమంతా సాగదీసి రాసి అయిపోయింది అనుకుంటాం. అలా రాస్తే 50 నంబర్ ఉన్నదాన్నుంచి మీకు వచ్చేది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. కొలతకి మా డాక్టర్ గారు చెప్పింది తేలికగా గుర్తుంటుంది, చూపుడు వేలు మధ్య వేలు రెండిటి మీదా మొదలు నుంచి కొస దాకా చెరో గీత పిండుకుంటే మొహానికీ మెడకీ సరిపోతుంది. ఒకేసారి అంతా రాస్తే జిడ్డుగా పేరుకుంటుంది కాబట్టి ఒక వేలిది రాసి, రెండు నిమిషాలాగి రెండోది రాయండి. చెవులు, మెడ వెనక, జడ వేసుకుంటే పాపిట పక్కన నుదురు, ఇవి అందరూ వదిలేస్తారు.

ఇప్పుడు 100 సంగతి. ఎస్‌పీఎఫ్ ప్రధానంగా యూవీబీ కిరణాల గురించి, అంటే చర్మం కమిలిపోయేలా చేసేవి. సరిగ్గా రాస్తే 30 ఉన్నది 97 శాతం దాకా ఆపుతుంది, 50 ఉన్నది 98, 100 ఉన్నది 99. ఆ ఒక్క శాతం కోసం ఎక్కువ డబ్బులు పెట్టి కొని, ఖరీదైంది కదా అని పొదుపుగా రాసుకుంటే ఉన్నదీ పోయే. 50 ఉన్నదే నిండుగా రాయండి చాలు. ఇంకోటి, 50 అంటే 50 రెట్లు ఎక్కువసేపు ఎండలో ఉండొచ్చు అని కొంతమంది గంటల లెక్క కడతారు, చెమట పట్టి తుడుచుకున్నాక ఆ లెక్క ఎక్కడ నిలుస్తుందండి.

మీరు డబ్బా మీద అసలు చూడాల్సింది పీఏ పక్కన ప్లస్‌లు. నల్లబడటానికీ, మచ్చలకీ, ముడతలకీ ఎక్కువ కారణం యూవీఏ అనే ఇంకో రకం కిరణాలు, వాటి కోసం జపాన్ వాళ్ళు మొదలుపెట్టిన కొలత ఇది, ఎక్కువలో ఎక్కువ నాలుగు ప్లస్‌లు. మంగు ఉంది కాబట్టి మీరు పీఏ++++ ఉన్నదే తీసుకోండి, కనీసం మూడైనా ఉండాలి. ఎస్‌పీఎఫ్ పెద్ద అక్షరాల్లో వేసి పీఏ ఊసే లేకుండా, బ్రాడ్ స్పెక్ట్రమ్ (అంటే రెండు రకాల కిరణాలనీ ఆపేది) అన్న మాట కూడా లేకుండా ఉంటే దాన్ని పక్కన పెట్టేయండి, అది ఎంత పెద్ద బ్రాండ్ అయినా సరే.

ఇంక మంగు విషయంలో చాలామందికి తెలియనిది, నాకు బాగా ఉపయోగపడింది ఇదే. మంగుకి యూవీ ఒక్కటే కాదు శత్రువు, మామూలు కంటికి కనపడే వెలుగు కూడా, ముఖ్యంగా అందులో నీలం భాగం, మన రంగు చర్మాల్లో మచ్చని ముదరబెడుతుంది. మామూలు సన్‌స్క్రీన్‌లు, మంచివైనా సరే, ఆ వెలుగుని పెద్దగా ఆపలేవు. ఆపేది ఐరన్ ఆక్సైడ్, టింటెడ్ సన్‌స్క్రీన్ అని అమ్మే వాటికి ఆ గోధుమ రంగు వచ్చేది దానివల్లే. అందుకని మంగు ఉన్నవాళ్ళకి టింటెడ్ అనేది అందానికి కాదు, మందులో భాగం అనుకోండి. వెనక పదార్థాల లిస్టులో ఐరన్ ఆక్సైడ్స్ అని ఉందో లేదో చూసి కొనండి. ఇక్కడ దొరికే చాలా టింటెడ్‌లు ఒకటో రెండో షేడ్‌లే వస్తాయి, చామనఛాయ వాళ్ళకి కొన్ని పాలిపోయినట్టు ఉంటాయి, అందుకే ముందు చిన్న ట్యూబ్ కొని దవడ దగ్గర రాసి బయట వెలుగులో చూసుకోండి, బాత్రూం లైట్‌లో చూస్తే ఏం తెలియదు.

రంగు అంటే గుర్తొచ్చింది, జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ మాత్రమే ఉండే మినరల్ సన్‌స్క్రీన్‌లు మంటపుట్టే సెన్సిటివ్ చర్మానికి మంచివే కానీ మన రంగు మీద తెల్లగా తేలతాయి. నేను మొదట అలాంటిది రెండు వేళ్ళ లెక్కన రాసుకుని వంటింట్లోకి వస్తే మా అత్తయ్య గారు, "ఏంటమ్మా సంక్రాంతికి గోడలకి సున్నం కొట్టినట్టు కొట్టావు మొహానికి" అన్నారు. తెల్లగా తేలుతుందని తక్కువ రాస్తాం, తక్కువ రాస్తే పని చేయదు, మళ్ళీ మొదటికే వస్తాం. నేను చెప్పేదల్లా ఇదే, రెండు వేళ్ళ నిండా రాసుకున్నా మీకు విసుగు పుట్టనిదే మీకు మంచి సన్‌స్క్రీన్, అది కొరియనా ఇండియనా అన్నది తర్వాత సంగతి. జిడ్డు చర్మం అన్నారు కాబట్టి జెల్ లేదా పల్చటి ఫ్లూయిడ్ రకం చూడండి, క్రీమ్ రకాలు పొడి చర్మం వాళ్ళకి వదిలేయండి. జిడ్డు బాగా ఉన్నవాళ్ళు కింద వేరే మాయిశ్చరైజర్ మానేసినా నష్టం లేదు. చెమటకి కారి కళ్ళు మండుతుంటే వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నది తీసుకోండి, కళ్ళ చుట్టూ మాత్రం స్టిక్ రకం వాడి చూడండి, అది కారదు, నాకు అది బాగా కుదిరింది. స్ప్రేలు నాకైతే నమ్మకం లేదు, ఎంత పడిందో తెలియదు, సగం గాలికే పోతుంది.

రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలా అని మీరు అడగలేదు గానీ అందరికీ వచ్చే డౌటే. నాలాగా ఎండలోనే ఉండేవాళ్ళు రాయాలి, నేను గట్టు మీద నిలబడే చేతిరుమాలుతో చెమట అద్దుకుని, రుద్దకుండా, మళ్ళీ రాసుకుంటా. మీరు ఆఫీస్‌లో కిటికీకి దూరంగా కూర్చునేవాళ్ళైతే అంత హడావుడి అనవసరం అని నా ఉద్దేశం. పొద్దున బయల్దేరడానికి పావుగంట ముందు నిండుగా రాయండి, మధ్యాహ్నం లంచ్‌కి బయటికి వెళ్తుంటే మళ్ళీ రాయండి, సాయంత్రం 6కి ఇంటికి వచ్చేటప్పుడు యూవీ ఎలాగూ దాదాపు ఉండదు. ఫోన్‌లో వెదర్ యాప్ తెరిస్తే యూవీ ఇండెక్స్ అని ఉంటుంది, 3 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, మన దగ్గర మే నెల మధ్యాహ్నాలు 11 దాటిపోతుంది. యాప్ కూడా వద్దంటే మీ నీడ చూసుకోండి, మీకంటే పొట్టిగా ఉందంటే యూవీ గట్టిగా ఉన్నట్టే. వేడికీ దీనికీ సంబంధం లేదండి. జనవరిలో మిర్చి కోతలప్పుడు చల్లగా హాయిగా ఉంటుంది, ఎండ తెలియనే తెలియదు, నా మంగు ముదిరేది మాత్రం ఆ రోజుల్లోనే, ఎందుకంటే మేలో ఎటూ నీడ వెతుక్కుంటాం, జనవరిలో ఎండలో కావాలని నిలబడతాం.

కిటికీ పక్క సీటైతే మాత్రం సంగతి వేరు. మామూలు అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏని చాలావరకు లోపలికి వదిలేస్తుంది. 2012లో అమెరికాలో ఒక పెద్ద వైద్య పత్రికలో 28 ఏళ్ళు ట్రక్ నడిపిన 69 ఏళ్ళ మనిషి ఫోటో వేశారు, మొహం ఎడమ సగం ముడతలు పడి ఇంకో మనిషిదిలా ఉంటుంది, వాళ్ళకి డ్రైవర్ కిటికీ ఎడమ వైపు కాబట్టి. మన దగ్గర స్టీరింగ్ కుడి పక్క, మాకు జీపు నడిపే అన్నని చూస్తే కుడి చెయ్యి ఒక రంగు ఎడమ చెయ్యి ఒక రంగు.

ఇంక స్కూటీ మీదకి వస్తే, సన్‌స్క్రీన్ కంటే ముందు గుడ్డ. మా దగ్గర మిర్చి కోతకి వచ్చే ఆడవాళ్ళని చూడండి, చీర మీద మొగుడి ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తల చుట్టూ మొహం చుట్టూ తువ్వాలు బిగించి కడతారు, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఏ డాక్టరూ చెప్పలేదు వాళ్ళకి, కానీ ఏ ట్యూబూ దానికి సాటి రాదు. గుడ్డ రెండు గంటలకి చెరిగిపోదు కదా. ఐతే పల్చటి షిఫాన్ చున్నీ చుట్టుకుని కప్పుకున్నాం అనుకుంటే లాభం లేదు, వెలుగుకి ఎత్తి పట్టుకుంటే అవతల కనపడే గుడ్డలోంచి ఎండ కూడా దూరుతుంది, తడిస్తే ఇంకా ఎక్కువ. కాస్త దట్టంగా నేసిన ముదురు రంగు కాటన్, లేదా రెండు మడతలు. చేతులకి ఆ ఫుల్ గ్లౌజులు వేసుకుంటే ట్యూబ్ మొత్తం మొహానికే మిగులుతుంది, డబ్బులు కూడా కలిసొస్తాయి. చున్నీ రాసుకుని క్రీమ్ తుడిచిపోతుంది కాబట్టి క్రీమ్ పట్టేదాకా ఆగి అప్పుడు కట్టుకోండి.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్తా. మెడికల్ షాపులో మంగుకి క్రీమ్ ఇవ్వండి అని అడిగి తెచ్చుకోవద్దు. మా పక్కింటి అమ్మాయి అలా తెచ్చుకుని రాస్తే వారంలో మొహం మెరిసింది, అందరం ఏం వాడుతున్నావే అని అడిగాం కూడా, తర్వాత ఎర్రబడి, మొటిమలు, సన్న రక్తనాళాలు తేలి, బుగ్గల మీద నూగు వచ్చి, మానేస్తే మంట, రాస్తే డ్యామేజీ. అందులో స్టెరాయిడ్ ఉంది. అలాంటివి డాక్టర్ చీటీ మీద, డాక్టర్ చెప్పినన్నాళ్ళే వాడాలి. అలాగే నిమ్మకాయ చెక్క మొహానికి రుద్దుకుని ఎండలోకి వెళ్ళకండి, నిమ్మరసం పడ్డ చోట ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్ల మచ్చలు పడతాయి. పసుపు, గంధం మీ ఇష్టం, కానీ వాటిని సన్‌స్క్రీన్ లెక్కలో వేయొద్దు. మేకప్ ఫౌండేషన్ మీద ఎస్‌పీఎఫ్ 15 అని ఉంటే దాన్ని దీనికి కలిపి 65 అని కూడా అనుకోవద్దు, అలా కూడదు.

విటమిన్ డి తగ్గుతుందని మీ అమ్మగారు అంటున్నారు అన్నారు. రోజువారీ సన్‌స్క్రీన్ వాడకం వల్ల లోపం వస్తుందని తేలలేదు, మనలో చాలామందికి అసలు ఏదీ రాయకుండానే తక్కువ ఉంటుంది. అనుమానం ఉంటే రక్త పరీక్ష చేయించుకుని మాత్రలు వేసుకోవడం సులువు. ఇంట్లో చంటిపిల్లలు ఉంటే ఆరు నెలల లోపు వాళ్ళకి ఇవి రాయకండి, నీడ, టోపీ, పల్చటి పొడుగు చేతుల బట్టలు చాలు.

సన్‌స్క్రీన్ ఒక్కదానితో ఉన్న మంగు పోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. ట్యాన్ అయితే కొన్ని వారాల్లో తగ్గుముఖం పడుతుంది, మంగుకి డాక్టర్ వేరే మందు ఇస్తారు, నెలలు పడుతుంది, సన్‌స్క్రీన్ లేకుండా ఆ మందులు రాస్తే తగ్గిన మచ్చ మళ్ళీ వచ్చేస్తుంది. నాది పూర్తిగా పోలేదు, దగ్గరగా చూస్తే కనపడుతుంది, ఫోటోల్లో కనపడదు, అంతవరకు చాలు నాకు.

ఖర్చు గురించి కూడా అనుకోండి, 50 గ్రాములది 400, 500 రూపాయల్లో మంచివే దొరుకుతాయి, పీఏ++++, ఐరన్ ఆక్సైడ్, మీకు పడే జెల్, ఈ మూడూ ఉంటే పేరు ఏదైనా పర్లేదు. కొత్తది కొన్నాక చెవి కింద రెండు మూడు రోజులు రాసి చూడండి, దురద రాకపోతే మొహానికి వెళ్ళండి. రాత్రి మంచి ఫేస్‌వాష్‌తో కడిగేయండి, జిడ్డు చర్మానికి అది వదిలేస్తే మొటిమలు గ్యారంటీ. ట్యూబ్‌ని స్కూటీ డిక్కీలో పెట్టకండి, ఆ వేడికి లోపల నీళ్ళు ఒక పక్క నూనె ఒక పక్క విడిపోతుంది, అలా విడిపోయినది డేట్ ఉన్నా సరే పడేయండి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకోండి. ఇప్పుడు వాడుతున్నది ఏ బ్రాండో, వెనక ఏం రాసి ఉందో కామెంట్‌లో పెడితే చూసి చెప్తా, వరి నాట్లు అయిపోయేదాకా కొంచెం లేటుగా రిప్లై ఇస్తా ఏమనుకోకండి.