పరుగు బూట్ల డిజైన్ చదువు: ఒక తండ్రికి జవాబు

పర్లాకిమిడి నుంచి ఒక తండ్రి ఇలా రాశారు: "మా అమ్మాయి ప్లస్ టూ సైన్సు చదువుతోంది. బీటెక్ వద్దు, రన్నింగ్ షూస్ డిజైన్ చేసే చదువే కావాలంటోంది. రెండింటిలో ఏది మేలు? చెప్పుల పని చదువుతోందని నలుగురిలో ఎలా చెప్పుకోవాలి?"

అయ్యా, మీ అసలు బెంగ ఆ చివరి వాక్యంలోనే ఉంది. రాయగడ నుంచి, బరంపురం నుంచి వచ్చే ఉత్తరాల్లోనూ ఇదే చూస్తుంటాను. బంధువులు మూతి విరుస్తారన్న భయంతో పిల్ల చదువును నిర్ణయించడం మీకు తగదు. చెప్పులు కుట్టే వృత్తిని చిన్నచూపు చూడడం అంతకంటే తగదు.

నేటి పరుగు బూటులో తోలు దాదాపు ఉండదు. పైన అల్లిక బట్ట, మధ్యలో ఈవీఏ అనే మెత్తని ప్లాస్టిక్ వంటి వాటితో చేసిన నురుగు, అడుగున రబ్బరు ఉంటాయి. మడమ కింది మందానికీ వేళ్ల కింది మందానికీ ఉండే తేడాను డ్రాప్ అంటారు. అది 4 మిల్లీమీటర్లా, 10 మిల్లీమీటర్లా అన్నదాన్ని బట్టి పిక్క మీద, మోకాలి మీద పడే భారం మారుతుంది. కాబట్టి అమ్మాయి చదివిన భౌతికశాస్త్రం వృథా పోదు. పాత బూటు ఒకటి హాక్సా బ్లేడుతో నిలువునా కోసి, లోపలి కుట్టును, నురుగు పొరను, జిగురు గీతను ఉన్నదున్నట్టు గీయమనండి. ఆ పని ఆమెకు విసుగు పుట్టించకపోతే మీరు నిశ్చింతగా ఉండవచ్చు.

నా అనుమానాలను కూడా దాచను. తడ దగ్గర అడిడాస్‌కు బూట్లు చేసే అపాచీ వంటి పెద్ద ఫ్యాక్టరీలలో ప్రధానంగా జరిగేది తయారీ. బూటు రూపురేఖలను ఎక్కువగా విదేశాల్లోనే నిర్ణయిస్తారు. అందువల్ల తొలి ఉద్యోగం బూటు పైభాగం ముక్కలకు కొలత నమూనాలైన ప్యాటర్న్‌లు కత్తిరించడం, లాస్టు అనే పాదం అచ్చుకు అవి సరిపోయాయో లేదో చూడడం, నమూనాల ఖర్చు లెక్కకట్టడం కావచ్చు. రంగురంగుల స్నీకర్ బొమ్మలు చూపి లక్షల్లో ఫీజు అడిగే ప్రైవేటు డిజైన్ కాలేజీలు ఈ సంగతి చెప్పవు. లాస్టులు, కుట్టుమిషన్లు ఉన్న వర్క్‌షాపును చూపించని చోట ఒక్క రూపాయి కూడా కట్టకండి.

1986లో ఏర్పడి, 2017 నాటి చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందిన పాదరక్షల డిజైన్ విద్యాసంస్థ ఎఫ్‌డీడీఐకి హైదరాబాదులో క్యాంపస్ ఉంది. బీటెక్‌కు ఉన్నన్ని ఉద్యోగాలు ఈ చదువుకు లేవన్నది నిజమే. అయితే మెకానికల్ గానీ పాలిమర్ గానీ చదివి, తర్వాత బూటు అడుగుభాగం అచ్చుల వైపు, నురుగు తయారీ వైపు రావడానికీ వీలుంది. దరఖాస్తు చేసే ముందు పలాసలో రైలెక్కి, అమ్మాయితో కలిసి ఆ క్యాంపస్ చూసి రండి. అక్కడ ప్రశ్నలు మాత్రం ఆమెనే అడగనివ్వండి.