ఎలకల గదిలోకి వెళ్లబోయే అమ్మాయికి

చిరంజీవి తల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు పీహెచ్‌డీలో రొమ్ము క్యాన్సర్ మీద, అందులోనూ ప్రోటీన్లను కోసే ఎంజైముల మీద ఎలకల్లో పనిచేయబోతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత సంతోషించానో! మన ఇంట్లోంచి ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నారు. కానీ ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. కష్టపడతావు, ఆ నమ్మకం నాకుంది. నచ్చిన మాటను తొందరగా నమ్మేస్తావు, నా టెన్షనంతా దాని గురించే.

అనుమతి కాగితాలు, గ్లౌజులు, ఏ రోజు పని ఆ రోజే నోట్‌బుక్‌లో రాయడం, ఇవన్నీ అక్కడ నేర్పిస్తారు. నేను చెప్పాలనుకున్నది వేరే ఉంది. ఏ ఎంజైమునూ పేరు చూసి శత్రువు అనెయ్యకు. ఏ కణం తయారుచేస్తోంది, ఏ దశలో, అది లేకపోతే దాని పని ఎవరు అందుకుంటున్నారు, ఇవి తేలేదాకా తీర్పు చెప్పకు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, ఆ తొందర ఒకప్పుడు మా రంగం మొత్తం పడింది. కప్పపిల్ల ఎదిగేటప్పుడు దాని తోక ఎలా కరిగిపోతుందో చూస్తూ, కణాల చుట్టూ అల్లుకుని ఉండే కొలాజెన్ అనే ప్రోటీన్‌ను కోసే ఎంజైమును 1962లో గ్రాస్, లాపియేర్ పట్టుకున్నారు. తర్వాత అలాంటివి ఒక్కొక్కటే బయటపడ్డాయి. వాటినే ఎంఎంపీలు అంటున్నాం. కణితిలో అవి ఎక్కువగా కనిపించేసరికి అందరికీ ఒకే ఆలోచన వచ్చింది: క్యాన్సర్ కణం చుట్టూ ఉన్న పొరను కోసుకుని బయటపడుతోంది, ఆ కోతను ఆపితే వ్యాధి ఆగుతుంది. ఎలకల్లో మందులు బాగానే పనిచేశాయి. మేమంతా ఎంత ఆశపడ్డామో నీకు చెప్పినా అర్థం కాదు.

తీరా మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఏమైంది? కీమోథెరపీ తర్వాత, ఆ కోతను ఆపే మారిమాస్టాట్ అనే మందు ఇచ్చి చూసిన రొమ్ము క్యాన్సర్ ట్రయల్ ఫలితం 2004లో అచ్చయింది. వ్యాధి ముదరడాన్ని ఆ మందు ఆలస్యం చెయ్యలేదు. పైగా కీళ్ల నొప్పులు. వేళ్లు, భుజాలు బిగుసుకుపోయేవి. అసలే క్యాన్సర్ ఒళ్లంతా పాకిన మనిషి, తల దువ్వుకోవడానికి చెయ్యి ఎత్తలేకపోతే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించు. ఎలకలకు మందు మొదట్లోనే ఇచ్చారు, మనుషులకు అంతా పాకాక ఇచ్చారు. ఆ మందు ఒక ఎంజైమును కాదు, గుంపునంతటినీ అడ్డుకుంది. ఆ గుంపులో మనల్ని కాపాడేవీ ఉన్నాయని తర్వాత తెలిసింది. ఎంఎంపీ-8 లేని ఎలకల్లో రొమ్ము కణితులు ఇంకా ముందే వచ్చాయి, ఊపిరితిత్తులకూ ఎక్కువ పాకాయి. నువ్వు రాసే ఒక వాక్యం చివరికి ఎవరో ఒక మనిషి ఒంటి మీదికి వెళుతుందమ్మా. నా భయమంతా అక్కడే.

నీకిచ్చేది పీవైఎంటీ ఎలకలే, అంటే రొమ్ము కణితులు వచ్చేలా ఒక జన్యువు పెట్టినవే అనుకుంటున్నాను. 1992 నుంచి ఈ రంగాన్ని మోస్తున్నవి అవే. వాటిలో కణితి ఒక్క చోట రాదు, పది పాలగ్రంథుల్లో ఎక్కడైనా వస్తుంది. అన్నిటినీ వేలితో తడిమి చూడాలి. చర్మం కింద ఆవగింజంత గట్టిగా తగిలేది కణితో, మామూలు లింఫు గ్రంథో వేలికి తెలియడానికి కొంతకాలం పడుతుంది. విసుక్కోకు. కణితి పుండు పడే దాకా మాత్రం ఎప్పుడూ ఆగకు. "ఇంకో వారం ఉంటే డేటా బాగుంటుంది" అని ఆ ప్రాణిని బాధపెట్టావని తెలిస్తే నేను నీతో మాట్లాడను.

ఒకే జన్యువు పెట్టినా ఎఫ్‌వీబీ అనే ఎలకల వంశంలో కణితులు త్వరగా వస్తాయి, బ్లాక్-6 అనే వంశంలో ఆలస్యంగా వస్తాయి. కాబట్టి ఎంజైము జన్యువును తీసేసిన నాకౌట్ ఎలకను దాని తోడబుట్టినవాటితోనే పోల్చు. వేరే గదిలోంచి తెచ్చిన ఎలకలతో పోలిస్తే నువ్వు కొలిచేది ఎంజైమును కాదు, వంశాన్ని.

కణితిని కొలిచి ఆగిపోకు, ఊపిరితిత్తులూ చూడు. ప్లాస్మిన్ అనే కోసే ఎంజైముకు ముడిరూపమైన ప్లాస్మినోజెన్ లేని పీవైఎంటీ ఎలకల్లో రొమ్ము కణితి మామూలుగానే పెరిగింది, ఊపిరితిత్తులకు పాకడం మాత్రం బాగా తగ్గింది. ఆ రెండోది చూడకపోయి ఉంటే దానికి ఏ పాత్రా లేదనేవాళ్లు. కాథెప్సిన్ బి అనే ఇంకో కోసే ఎంజైము సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. దాన్ని తీసేస్తే కణితులు ఆలస్యమయ్యాయి, కానీ ఆ కణాల పైపొర మీదికి దాని చుట్టం కాథెప్సిన్ ఎక్స్ వచ్చి చేరింది. రెండూ తీసేసిన ఎలకల్లో ఫలితం ఇంకా బలంగా కనిపించింది. నీ నాకౌట్‌లో ఏ తేడా కనపడకపోతే ఏడుస్తూ కూర్చోకు, చుట్టాలు ఎవరు పనిలోకి దిగారో వెతుకు.

జైమోగ్రామ్, అంటే జెలటిన్ కలిపిన జెల్‌లో ఎంజైము కోతను చూసే పరీక్ష, చేసినప్పుడు నీలం జెల్‌లో తెల్లటి గీత కనపడగానే ఎగిరి గంతెయ్యాలనిపిస్తుంది. ఆగు. ఆ జెల్‌లో నిద్రపోతున్న ఎంజైము కూడా లేచి జెలటిన్‌ని తినేస్తుంది, దాన్ని పట్టి ఉంచే టింప్ ప్రోటీన్లు విడిపోతాయి. కణజాలంలో అది నిజంగా కోస్తోందనడానికి ఆ గీత ఒక్కటే చాలదు.

రాత్రిళ్లు ల్యాబులో ఒక్కదానివే ఉండకు, వేళకు తిను. ఈ మాట మీ అమ్మ చెబితే వినవు, నేను చెబితే వింటావని రాస్తున్నాను.

ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ పాకిన మచ్చలు లెక్కపెట్టేవాళ్లకు ఏ స్లైడు ఏ ఎలకదో తెలియకూడదు. తెలిస్తే, ఎంత నిజాయితీపరుల కళ్లయినా కోరుకున్న వైపే చూస్తాయి. అందుకే మొదటి స్లైడ్లు తయారవగానే ఫొటోలు తీసి, పేర్లు చెరిపి, అంకెలు మాత్రం ఉంచి నాకు పంపు. నా కళ్లు ఇంకా బాగానే ఉన్నాయి, నేనూ లెక్కపెడతాను. ఏ అంకె దేనిదో ఆ చీటీ నీ దగ్గర కూడా ఉంచుకోకు, ల్యాబులో ఇంకెవరికైనా ఇచ్చెయ్యి.

మీ పెద్దమ్మ