మేనకోడలికి: ఫోటోలు కుదించే ముందు

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

ఒక పాత సంస్థ వెబ్‌సైటు నీ చేతికి వచ్చిందనీ, అందులోని వేలాది ఫోటోలను కుదించి పేజీలు త్వరగా తెరుచుకునేలా చేస్తానని మాట ఇచ్చావనీ, అదీ వారం రోజుల్లోనే అనీ మీ అమ్మ చెప్పింది. నిన్ను నమ్మి ఇంత పని అప్పగించినందుకు గర్వంగానే ఉంది. ఆ "వారం రోజులు" అన్న మాట విన్నప్పటినుంచి మాత్రం మనసు కుదురుగా లేదు.

తేలిక విషయాలు ముందే ముగిస్తాను. కుదింపు కంటే ముందు కొలత చూడాలి. 4000×3000 పిక్సెళ్ల ఫోటోను పేజీలో 800 పిక్సెళ్ల వెడల్పున చూపిస్తున్నప్పుడు, పిక్సెళ్ల సాంద్రత ఎక్కువగా ఉన్న తెరల కోసం రెట్టింపు ఉంచినా 1600×1200 సరిపోతుంది. అంతటితోనే పిక్సెళ్లు దాదాపు ఆరోవంతుకు పడిపోతాయి. ఫైలు ఎంత చిన్నదైనా బ్రౌజరు దానిని విప్పినప్పుడు సాధారణంగా పిక్సెలుకు 4 బైట్ల మెమరీ పడుతుంది కనుక, కొలత తగ్గించకుండా ఎంత కుదించినా ఆ పెద్ద ఫోటో చూసేవారి ఫోనులో 48 ఎంబీ ఆక్రమిస్తూనే ఉంటుంది. ఫైలు రకాల్లో ఫోటోలకు జేపెగ్ గానీ వెబ్‌పీ గానీ, లోగోలకు ఎస్‌వీజీ, అక్షరాలున్న స్క్రీన్‌షాట్లకు పీఎన్‌జీ వాడు. కుదించేటప్పుడు ప్రోగ్రాముకు ఇచ్చే క్వాలిటీ అంకె శాతం కాదు; ఒక ప్రోగ్రాములోని 80, మరొకదానిలోని 80 ఒకటి కావు. అందుచేత అంకెను నమ్మకుండా, ఆకాశం, జుట్టు, ఎర్రని అక్షరాల అంచులు ఉన్న ఫోటోలను ఎంచుకుని కళ్లతో చూసి నిర్ణయించుకో.

ఇక నా అసలు భయం చెబుతాను.

తెరలు 1024 పిక్సెళ్ల వెడల్పు ఉన్న కాలంలో, నాతో పనిచేసే ఒక కుర్రవాడికి సరిగ్గా నీకు వచ్చినలాంటి పనే వచ్చింది. కొన్ని కుటుంబాల దగ్గర అడిగి తెచ్చి, స్కాన్ చేసి, తిరిగి ఇచ్చేసిన పాత ఫోటోలతో నిండిన ఫోల్డరు అది. అతను చిన్న స్క్రిప్టు (ఫైళ్లన్నింటి మీదా ఒకే పనిని దానంతటదే చేసే ప్రోగ్రాము) వ్రాసి, ప్రతి ఫోటోనూ 600 పిక్సెళ్లకు తగ్గించి, గట్టిగా కుదించి, అదే పేరుతో అదే చోట భద్రపరిచాడు. సైటు పరుగెత్తింది, అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. బ్యాకప్ ఉందన్న ధీమా అందరికీ ఉండేది. అయితే ఆ బ్యాకప్ చేసే పనల్లా ప్రతి రాత్రీ ఆ ఫోల్డరులో ఏముంటే దానినే రెండో డిస్కులోకి ఎక్కించడం. మొదటి రాత్రికే అసలు స్కాన్లు రెండు చోట్లా చెరిగిపోయాయి. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే ఎవరూ వాటిని తెరిచి చూడవలసిన అవసరం రాలేదు. కొన్నేళ్లకు పెద్ద తెరలు వచ్చి, సైటును కొత్తగా కట్టాలనుకున్నప్పుడు, ఉన్న 600 పిక్సెళ్లనే సాగదీసి మళ్లీ కుదించారు. ముఖాలు మైనపు బొమ్మల్లా తయారయ్యాయి. అప్పటికి ఆ కుటుంబాల్లో కొందరి దగ్గర కాగితపు ఫోటోలు కూడా మిగలలేదు. ఆ కుర్రవాడు చెడ్డవాడు కాడమ్మా, బద్ధకస్తుడూ కాడు. నీలాగే చురుకైనవాడు, చెప్పిన గడువుకు పని పూర్తిచేసినవాడు.

జేపెగ్ పనిచేసే తీరే అటువంటిది. అది చిత్రాన్ని 8×8 పిక్సెళ్ల గడులుగా విడగొట్టి, ఒక్కొక్క గడిలో కన్ను అంతగా పట్టించుకోని సూక్ష్మమైన మార్పులను ఉజ్జాయింపు అంకెలుగా సవరించి వ్రాసుకుంటుంది. రంగుల వివరాన్నైతే తరచుగా వెలుగు వివరం కంటే తక్కువ పిక్సెళ్లలోనే దాచుకుంటుంది. సవరించిన అంకె నుంచి అసలు అంకెను తిరిగి రాబట్టే దారి లేదు. తరువాత ఎవరైనా ఫోటోను కాస్త కత్తిరించో, కొలత మార్చో మళ్లీ భద్రపరిస్తే, గడులు కొత్త చోట పడి పాత నష్టం మీద కొత్త నష్టం చేరుతుంది. జేపెగ్ ప్రమాణం 1992 నాటిది, వెబ్‌పీ 2010లో వచ్చింది, ఏవీఐఎఫ్ అనే మరో రకం 2019లో వచ్చింది. రేపు ఇంకొకటి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ అసలు నుంచే కొత్త ప్రతి తీయాలి తప్ప, వెబ్‌పీ నుంచి ఏవీఐఎఫ్ తీసే పని పెట్టుకోకు. అసళ్లు ఉన్న ఫోల్డరుకు నీ స్క్రిప్టు చదివే అనుమతితోనే వెళ్లాలి, వ్రాసే అనుమతి దానికి అసలు ఉండకూడదు. ఇందులో నీ తెలివి మీద నాకు అనుమానం లేదు. అర్ధరాత్రి నిద్రకళ్లతో టైపు చేసే కమాండు మీదే నా అనుమానం.

ఫోటోలో దాగి ఉండే సమాచారం గురించి కూడా ఒక మాట. ఫోనులో తీసిన ఫోటోలో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండవచ్చు. పిల్లల ఫోటోలు ఉంటాయి కాబట్టి, సైటుకు వెళ్లే ప్రతుల నుంచి దానిని తప్పక తొలగించు. ఫోటో దిశ, రంగుల వివరం కూడా ఆ సమాచారంలోనే ఉంటాయి కనుక, తొలగించే ముందు ఫోటో ఏ వైపు నిలబడాలో ఆ దిశను పిక్సెళ్లలోకి తెచ్చుకుని, రంగులను వెబ్‌లో మామూలుగా వాడే రంగుల పద్ధతి అయిన ఎస్ఆర్‌జీబీకి మార్చుకోకపోతే, కొన్ని ఫోటోలు పక్కకు పడుకుంటాయి, కొన్ని వెలవెలబోతాయి. అసళ్లలో మాత్రం ఏదీ తీసేయకు. తీసిన తేదీ ఒక్కోసారి అక్కడ తప్ప మరెక్కడా ఉండదు.

పేజీలో పైన కనిపించే ముఖ్యమైన ఫోటోకు లేజీ లోడింగ్ (చూసేవారు దాని దగ్గరికి వచ్చేదాకా ఫోటోను తెప్పించకుండా ఆపడం) పెట్టకు. పేజీ తెరవగానే తెర మీద కనిపించే వాటిలో అతిపెద్ద భాగం 2.5 సెకన్లలోగా కనబడితే బాగున్నట్టు గూగుల్ లెక్క. లేజీ లోడింగ్ దానినే ఆలస్యం చేస్తుంది. ప్రతి ఫోటోకూ వెడల్పు, ఎత్తు వ్రాసిపెట్టు, చదువుతున్నవారి కళ్ల ముందు పేజీ ఎగిరిపడకుండా ఉంటుంది.

వారం గడువును రెండు వారాలు చేయమని అడుగు. అడగడానికి మొహమాటపడితే నా పేరు చెప్పు. ఆ రెండు వారాల్లో మొదటి రోజుల్లో ఒక్క ఫోటో కూడా కుదించవద్దు. అసళ్లన్నింటినీ విడిగా ఒక డిస్కులోకి ఎక్కించి, దానిని కంప్యూటరు నుంచి ఊడదీసి, మరొక కంప్యూటరుకు తగిలించి, అక్కడక్కడ కొన్ని ఫైళ్లు తెరిచి పూర్తి కొలతలో ఉన్నాయో లేవో చూడు. చూశాక నాకు ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా ఫర్వాలేదు. స్క్రిప్టు ఆ తరువాత నడుపుదువు.

ఇట్లు,
మీ మామయ్య