టెక్ సందేహాలు: ఆ బూడిద రంగు స్విచ్ జోలికి వెళ్లకండి

ఎల్‌బీ నగర్ నుంచి ఒక పాఠకుడు రాశారు: "సార్, ఖరీదైన వాచీల ఫస్ట్ కాపీలు, అంటే అచ్చం అసలువాటిలా ఉండే నకిలీలు, సేకరించడం నాకు అలవాటు. ఇప్పటికి పదకొండు ఉన్నాయి. ఈమధ్య ఒక పేరున్న స్మార్ట్‌వాచ్‌కి మాస్టర్ కాపీ అంటే 2,400 పెట్టి తీసుకున్నాను. స్క్రీన్, స్ట్రాప్, బరువు అన్నీ బాగున్నాయి. పెట్టెలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి యాప్ ఎక్కించాను. కానీ ఫోన్‌లో నోటిఫికేషన్ యాక్సెస్ స్విచ్ బూడిద రంగులోనే ఉంది, నొక్కినా పని చేయట్లేదు. ఎలా ఆన్ చేయాలి? కాపీ వాచీల్లో మంచిదేదో, చెత్తదేదో ఎలా తెలుసుకోవాలి?"

రెండో ప్రశ్నకి ముందు జవాబు చెప్పేస్తాను, అది తేలిక కాబట్టి.

ఆటోమేటిక్ (బ్యాటరీ లేకుండా, చేతి కదలికతో నడిచే) వాచీల కాపీలైతే సెకన్ల ముల్లుని చూడండి. సెకనుకొక గెంతు గెంతితే లోపలున్నది బ్యాటరీ మిషనే, డయల్ మీద ఆటోమేటిక్ అని రాసి ఉన్నా సరే. ఇప్పటి స్విస్ ఆటోమేటిక్ వాచీలు చాలావరకు గంటకు 28,800 సార్లు కొట్టుకుంటాయి, అంటే సెకనుకు 8 సార్లు. ముల్లు జారుతున్నట్టు కనిపించేది అందుకే. ఫోన్ మైక్‌తో ఆ టిక్ టిక్ విని వేగం లెక్కగట్టే యాప్‌లు ఉన్నాయి. వాచీ రోజుకు ఎన్ని సెకన్లు ముందుకో వెనక్కో పోతుందో కూడా అవే చెబుతాయి. అయితే మంచి కాపీల్లో మిషన్ కూడా ఇదే వేగంతో నడుస్తుంది. కాబట్టి దీంతో చెత్తని ఏరేయగలరు, అంతే. తర్వాత డయల్‌లోని చిన్న డయళ్లు. స్టాప్‌వాచ్ బటన్ నొక్కినా అవి కదలకపోతే, లేదా స్టాప్‌వాచ్ అంకెల చోట వారం పేరో 24 గంటల టైమో చూపిస్తుంటే, తయారుచేసినవాడు పైపై బొమ్మ గీసి వదిలేశాడని అర్థం. నీళ్లను తట్టుకుంటుందన్నట్టు వెనక మూత మీద 100 మీటర్లని చెక్కి ఉన్నా నమ్మి చేతులు కడుక్కోవద్దు. అక్కడ చెక్కడానికి పరీక్ష అక్కర్లేదు, లోపల రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో పరీక్షిస్తేనే తెలుస్తుంది.

ఒక్క మాట. సేకరణ వరకు సరే గానీ, వాటిలో ఒక్కటి అమ్మాలన్నా ఆలోచించండి. ట్రేడ్ మార్క్స్ చట్టం 1999 ప్రకారం నకిలీ మార్కు ఉన్న సరుకు అమ్మితే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. "పాత వాచీయే కదా, ఆన్‌లైన్‌లో పెట్టేద్దాం" అని అనుకునేవాళ్లు చాలామంది.

ఇక బూడిద రంగు స్విచ్ సంగతి. నాకు పదే పదే వస్తున్న ప్రశ్న ఇది. అడిగేవాళ్లంతా దాన్ని ఫోన్‌లో లోపం అనుకుంటున్నారు. కాదు. ప్లే స్టోర్ నుంచి కాకుండా బయటి నుంచి తెచ్చి ఎక్కించిన యాప్‌కి నోటిఫికేషన్లు చదివే హక్కూ, యాక్సెసిబిలిటీ హక్కూ తేలిగ్గా ఇవ్వకుండా ఆండ్రాయిడ్ 13 నుంచి అడ్డం పెట్టారు. ఫోన్ మీకు అడ్డం నిలబడి "ఆగండి, దీన్ని ఎవరు పంపారో నాకు తెలియదు" అంటోంది. దాన్ని దాటే దారి కూడా సెట్టింగ్స్‌లోనే ఉంది, మూడు చుక్కల వెనక. నేను ఇక్కడ రాయను. కొన్ని దుకాణాల్లో అమ్మేవాళ్లే కస్టమర్ ఫోన్ చేతిలోకి తీసుకుని అర నిమిషంలో ఆ అడ్డం తీసేస్తున్నారు. మా తమ్ముడి కొడుకు ఫోన్‌కి కోఠి వైపు ఒక షాపులో సరిగ్గా ఇదే చేశారు. వాడు థాంక్స్ అన్నా అని చెప్పి వచ్చేశాడు. నాకు నిద్ర పట్టలేదు.

నోటిఫికేషన్ యాక్సెస్ అంటే చేతి మీద వాట్సాప్ మెసేజ్ కనిపించడం ఒక్కటే కాదు. బ్యాంకు ఓటీపీ, ఖాతాలో మిగిలిన డబ్బు, ఇంట్లోవాళ్లతో మాటలు, ఆస్పత్రి రిపోర్టు వచ్చిందన్న కబురు, ఫోన్‌లో పైనుంచి దిగే ప్రతి ముక్కా ఆ యాప్ చదవగలదు. చదివాక నోటిఫికేషన్‌ని తీసేయగలదు కూడా. అంటే ఓటీపీ వచ్చినట్టే మీకు తెలియకపోవచ్చు. ఆండ్రాయిడ్ 15 నుంచి నమ్మకం లేని యాప్‌లకు ఓటీపీలు కనిపించకుండా దాచే ఏర్పాటు వచ్చింది, కానీ మన చేతుల్లో అంతకంటే పాత ఫోన్లు ఎన్ని ఉన్నాయో చూసుకోండి. యాక్సెసిబిలిటీ కూడా ఇచ్చేశారా, ఇక ఆ యాప్ మీ స్క్రీన్ చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. వాచీకి ఆ హక్కుతో పనేమిటి?

ప్రతి కాపీ వాచీ యాప్ దొంగదని నేను అనను. కానీ అది రాసిందెవరు? మీ డేటా ఏ దేశంలోని సర్వర్‌కి వెళ్తోంది? రేపు అప్‌డేట్ పేరుతో అందులో ఇంకేం వచ్చి చేరుతుంది? అడగడానికి చిరునామా లేదు. పేరే నకిలీ పెట్టుకున్న వస్తువు వెనక బాధ్యత తీసుకునేవాడు ఎవడుంటాడు? ఆటోమేటిక్ కాపీ చెడిపోతే మీ జేబులోంచి నాలుగైదు వేలు పోతాయి. స్మార్ట్‌వాచ్ కాపీ బాగా పని చేస్తున్నప్పుడే మీ ఖాతా మొత్తం ప్రమాదంలో ఉండొచ్చు. పదకొండు వాచీల స్క్రూలు భూతద్దంతో చూసిన మీరు పన్నెండోదాని యాప్ పేరు కింద ఎవరి పేరుందో చూడకపోవడం నాకు బాధగా ఉంది.

అసలు కంపెనీలను కూడా వదలను. వేలకు వేలు పోసి కొన్న ఒరిజినల్ వాచీ యాప్ కూడా మొదటి నిమిషంలోనే అన్ని నోటిఫికేషన్లూ ఇచ్చేయమంటుంది. కాంటాక్ట్స్, లొకేషన్, కాల్ లాగ్ వరసగా అడుగుతుంది. బ్యాంకు మెసేజ్‌లు వద్దు, కాల్స్ చాలు అని మొదట్లోనే చెప్పుకునే వీలు ఎందుకు పెట్టరు? ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్లలో ఏ యాప్ నోటిఫికేషన్లు చూపాలో ఎంచుకునే పేజీ ఉంది, కానీ దాన్ని మూడు మెనూల లోపల దాచారు. మా అమ్మలాంటివాళ్లు అక్కడిదాకా వెళ్లగలరా? అడిగిందల్లా ఇచ్చేయడం మనకు అలవాటు చేసింది ఈ పెద్ద కంపెనీలే. కాపీ చేసేవాళ్లు డిజైన్‌తో పాటు ఆ అలవాటునీ వాడుకుంటున్నారు.

కూకట్‌పల్లి నుంచి మరొకరు అడిగారు: "నాన్నగారికి షుగర్ ఉంది. సూది లేకుండా షుగర్, బీపీ చూపించే కాపీ వాచీ 1,800కి వస్తోంది. తీసుకోమంటారా?" వద్దండీ, దయచేసి వద్దు. చర్మం గుచ్చకుండా షుగర్ కొలిచే ఏ స్మార్ట్‌వాచ్‌కీ, ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని, వాటిని వాడొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఆ అంకె చూసి ఆయన ఇన్సులిన్ ఎక్కువో తక్కువో తీసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మెడికల్ షాపులో స్ట్రిప్స్‌తో వచ్చే గ్లూకోమీటర్, చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీ మిషన్ కొనండి. షాపులో మీకు చూపిస్తున్న వాచీని మణికట్టుకు కట్టకుండా గాలిలో పట్టుకుని బీపీ కొలవమనండి. అప్పుడూ 120/80 దగ్గర్లో ఏదో అంకె ఇచ్చిందా, ఇంకేం మాట్లాడకుండా వచ్చేయండి.

ఎల్‌బీ నగర్ మిత్రమా, ఈ రాత్రే చేయాల్సింది ఇది. ఆ యాప్ తీసేయండి. సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ యాక్సెస్, యాక్సెసిబిలిటీ, డివైస్ అడ్మిన్ యాప్స్, ఈ మూడు చోట్లా మీకు తెలియని పేరు ఉంటే ఆఫ్ చేయండి. ప్లే స్టోర్‌లో హానికర యాప్‌లను వెతికే ప్లే ప్రొటెక్ట్ స్కాన్ నడపండి. ఎప్పుడైనా యాక్సెసిబిలిటీ ఇచ్చి ఉంటే బ్యాంకు పాస్‌వర్డ్, యూపీఐ పిన్ ఇంకో ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలో తెలియని లావాదేవీ ఒక్కటి కనిపించినా పొద్దున చూద్దాం అనుకోకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, డబ్బు ఇంకో ఖాతాకి దాటకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. వాచీని యాప్ లేకుండా టైమ్ చూసుకోవడానికి వాడుకోవచ్చు. పెట్టెలో ఉన్న క్యూఆర్ కాగితాన్ని మాత్రం చించేయండి, ఇంట్లో పిల్లలెవరైనా దొరికించుకుని మళ్లీ స్కాన్ చేయకుండా.